ప్యాడ్లు పంచే ముందు బాత్రూం గడియ చూడండి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మీరు 12 మంది కలిసి 40 వేల రూపాయలు పోగు చేశారు. మీ కాలేజీకి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో 160 మంది ఆడపిల్లలున్నారు. మే 28న, ప్రపంచ నెలసరి పరిశుభ్రత దినం నాడు, వాళ్లకు ప్యాడ్లు పంచి ఒక గంట అవగాహన సదస్సు పెడదామనుకుంటున్నారు. దీనివల్ల నిజంగా ఉపయోగముందా, జట్టులోని ఇద్దరు మగపిల్లల్ని తీసుకెళ్లొచ్చా, మైల, ఆచారం అన్న మాట వస్తే ఏం చెప్పాలి అని అడిగావు.

నేను 27 ఏళ్లు అనంతపురం జిల్లా పల్లెల్లో జీవశాస్త్రం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మీలాంటి పిల్లలు ఎంతోమంది మా బళ్లకు వచ్చారు. కొందరి వల్ల చాలా మేలు జరిగింది, కొందరి వల్ల మా పిల్లలు ఇబ్బంది పడ్డారు. వచ్చినవాళ్లందరి మనసూ మంచిదే. మా దగ్గర ఏముందో, ఏం లేదో ముందు చూసుకుని వచ్చినవాళ్ల వల్లే మేలు జరిగింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు తేదీ సంగతి. మే 28న మీరు వెళ్తే బడి గేటుకు తాళం ఉంటుంది. ఒక జర్మన్ సంస్థ పూనికతో 2014లో మొదలైన రోజు ఇది. నెలసరి చుట్టూ 28 రోజులు, రక్తస్రావం 5 రోజులు అని 28వ తేదీ, ఐదో నెల పెట్టారు. ఆ లెక్క బాగానే ఉంది కానీ మన రెండు రాష్ట్రాల్లో బళ్లకు అప్పుడు ఎండాకాలం సెలవులు. జూన్ 12 దాకా తెరవరు. ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకో. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా బడి నుంచి అందేది ఏదైనా ఆగిపోతుంది. ఆ రెండు నెలలూ పిల్ల మళ్లీ పాత గుడ్డకే పోతుంది. మీకు ఎండాకాలంలో పని చేయాలనుంటే అది బడిలో కాదు, ఊళ్లో ఆశా కార్యకర్తతో కలిసి చేయాలి.

ఇక అసలు మాటకొస్తాను. బడి తెరిచాక మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్లండి. ప్యాడ్లు వద్దు, బ్యానర్ వద్దు. మీలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వెళ్లి, హెడ్మాస్టర్ గారికి నమస్కారం చెప్పి, ఆడపిల్లల బాత్రూం ఒకసారి చూస్తామని అడగండి. వాడిన ప్యాడ్‌ను ఒక పిల్ల ఎక్కడ తీస్తుంది, ఎందులో చుడుతుంది, ఎక్కడ పడేస్తుంది, చేతులు ఎక్కడ కడుక్కుంటుంది, ఆ దారంతా మీరు నడిచి చూడండి. కొత్త ప్యాడ్ పిల్ల చేతికి రావడం సులువే. వాడిన ప్యాడ్‌కు దారి లేకపోవడం వల్లే మా దగ్గర అంతా ఆగిపోయింది.

ఎలా ఆగిపోయిందో చెప్తాను. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ‘స్వేచ్ఛ’ అనే పథకం మొదలైంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7వ తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఆడపిల్లకూ నెలకు 10 ప్యాడ్లు ఉచితం. మేం టీచర్లం ఎంత సంతోషించామో చెప్పలేను. నేను అప్పుడు పనిచేస్తున్న బడికి అట్టపెట్టెలు వచ్చాయి. వాటిని స్టాఫ్‌రూంలో సుద్దముక్కల డబ్బాల పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి ఒక సారు దగ్గర. నాలుగు నెలల తర్వాత లెక్క చూస్తే సగానికి పైగా పెట్టెలు విప్పనే లేదు. ఆ బీరువా పక్కనే రోజూ కూర్చున్నదాన్ని, నేనూ గమనించలేదు. పిల్లలకు అవసరం లేదేమో అని మాలో ఒకరిద్దరు అన్నారు కూడా.

తొమ్మిదో తరగతి పిల్లను పక్కకు పిలిచి అడిగాను, ఎందుకు తీసుకోవట్లేదు తల్లీ అని. ఆ పిల్ల చాలాసేపు జడ కొసలు తిప్పుకుంటూ నిలబడి, “తీసుకుంటే మార్చుకోవాల కదా మేడం, యాడ మార్చుకోవాల?” అంది.

అప్పుడు వెళ్లి చూశాను. ఆడపిల్లలకు మూడు బాత్రూంలు. ఒకటి తాళం వేసి టీచర్లకు ఉంచుకున్నాం. రెండోదానిలో విరిగిన బెంచీలు. మూడోదానికి తలుపుంది, గడియ లేదు. లోపలికి ఒకరు వెళ్తే బయట ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. ఇంటర్వెల్ పది నిమిషాలు. నీళ్ల తొట్టి మగపిల్లల వైపు ఉంది, బకెట్ పట్టుకుని అటు నడిస్తే అందరికీ తెలిసిపోతుంది. లోపల చెత్తడబ్బా లేదు. లంగా, చున్నీ తగిలించుకోవడానికి గోడకు మేకైనా లేదు. అందుకే పిల్లలు పొద్దున ఏడున్నరకు ఇంట్లో పెట్టుకున్నదే సాయంత్రం ఐదుకు ఇంటికి పోయాక తీస్తున్నారు. తొడలు ఒరుసుకుపోయి, నడుస్తుంటే మంటపుట్టి, రెండో రోజు, మూడో రోజు అసలు బడికే రావట్లేదు. ఎవరైనా ధైర్యం చేసి మార్చుకుంటే, వాడినదాన్ని నోటుపుస్తకం కాగితంలో చుట్టి, పుస్తకాల సంచిలోనే అన్నం క్యారియర్ పక్కన పెట్టుకుని, ఇంటికి పోయే దారిలో వంక పక్కన కంపచెట్లలో విసిరేస్తున్నారు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలని అప్పటికి ఎన్నేళ్లుగా నేను క్లాసులో చెప్తున్నానో. ఎక్కడ మార్చుకోవాలో మాత్రం ఒక్కసారీ చూపించలేదు.

గడియ, స్క్రూలు, వడ్రంగి కూలి కలిపి మాకు తలుపుకు 180 రూపాయలైంది. బెంచీలు బయటికి లాగించాం. టీచర్ల బాత్రూం తాళం తీసేశాం. రెండు మూతడబ్బాలు, పాత వార్తాపత్రికల కట్ట, గోడకు కొక్కేలు, ఒక మగ్గు, సబ్బు. ప్యాడ్ల అట్టపెట్టెను బీరువాలోంచి తీసి బాత్రూం లోపలే ఎత్తుగా అరపలక కొట్టించి పెట్టాం. రిజిస్టర్ లేదు, సంతకం లేదు, అడిగే పని లేదు. రెండు రోజుల్లో ఖాళీ చేసేస్తారని మా హెడ్మాస్టర్ గారు భయపడ్డారు. మొదటి నెల నిజంగానే పది రోజుల్లో అయిపోయాయి. ఇంట్లో అమ్మకు, అక్కకు తీసుకెళ్లారు. దాన్ని దొంగతనం అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఇళ్లలో ఎంత కరువుందో ఆ ఖాళీ పెట్టె చెప్పింది. మూడో నెలకు సర్దుకుంది, బీరువాలోకి మళ్లీ పోలేదు.

అందుకే మీ 40 వేలను ఇలా చూడమంటాను. జన ఔషధి కేంద్రాల్లో ‘సువిధ’ ప్యాడ్ 2019 ఆగస్టు నుంచి రూపాయికి ఒకటి ఇస్తున్నారు. 160 మందికి నెలకు పది చొప్పున బడి నడిచే పది నెలలకు లెక్కేస్తే 16 వేలు. ఆ పది నెలలూ ఏ నెలా ఆగకుండా వస్తుంది. అదే డబ్బుతో షాపులో ఖరీదైనవి కొని ఒక్కరోజు పంచితే జూలైకి మీ పేరు కూడా పిల్లలకు గుర్తుండదు. మిగిలిన 24 వేలు గడియలకు, డబ్బాలకు, కుళాయికి, బల్బుకు పెట్టండి. ముందే ఆ బడికి ప్రభుత్వం నుంచి ప్యాడ్లు అందుతున్నాయా, ఎన్ని నెలలకోసారి అందుతున్నాయి, ఎక్కడ ఉన్నాయి అని అడగండి. అందుతుంటే మీ డబ్బుతో ఆ లోటు మాత్రమే పూడ్చండి. ఎందుకంటే పది చాలవు. ఐదు రోజులు, రోజుకు నాలుగు అనుకుంటే ఇరవై కావాలి. పదితో సరిపెట్టుకునే పిల్ల ఒక్కోటి పూటంతా ఉంచుకుంటుంది.

గుడ్డ వాడేవాళ్లను చిన్నబుచ్చకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే వచ్చే ప్రతి జట్టూ గుడ్డంటే రోగం అన్నట్టే మాట్లాడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో 64 శాతం ప్యాడ్లు వాడుతున్నామని చెబితే, 50 శాతం గుడ్డ వాడుతున్నామని చెప్పారు. ఆ రెండూ కలిపితే వంద దాటుతుంది, అంటే చాలామంది రెండూ వాడుతున్నారు. బడికి ప్యాడ్, ఇంటికి గుడ్డ. మెత్తటి నూలుగుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే దాని వల్ల ఏ హానీ లేదు. ఆ ఎండే దొరకదు. ఒకసారి ఓ పిల్ల ఇంటికి వెళ్లాను, వారం రోజులుగా బడికి రాలేదని. దండెం మీద తడి లంగా ఆరేసి ఉంది. దాని కింద, రెండు మడతల మధ్య, ఎవరికీ కనపడకుండా గుడ్డలు. ముసురు రోజులు. చేత్తో తాకి చూస్తే రెండు రోజులైనా చెమ్మ పోలేదు, ముక్కు దగ్గర పెడితే పాచివాసన. ఆ తడిగుడ్డే మళ్లీ కట్టుకుంటుంది. దురద, తెల్లబట్ట, ఒంట్లో వేడి అన్నీ అక్కడి నుంచే. నాన్న, అన్న తిరిగే వాకిట్లో దాన్ని ఎండలో వేయడానికి సిగ్గు. పేదరికమెంత, సిగ్గెంత అని విడదీసి చూడలేం అమ్మా. ఐదు రూపాయలు లేక కాదు, ఆ ఐదు రూపాయలు ఎందుకని నాన్న అడిగితే చెప్పలేక ఆగిపోయిన పిల్లలు నాకు ఎంతమందో తెలుసు.

ప్యాడ్‌కు బదులు ఒంటి లోపల పెట్టుకుని, కడిగి మళ్లీ వాడుకునే మెత్తటి నెలసరి కప్పుల గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. కేరళలో 2019లో అలప్పుళ పట్టణంలో 5,000 కప్పులు పంచారు, 2022లో కుంబళంగి పంచాయతీ ప్యాడ్లు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. అక్కడ కప్పుతో పాటు ఇంటింటికీ వెళ్లి నేర్పిన మనుషులున్నారు. మీ కాలేజీ అమ్మాయిలు ముందు వాడి చూడండి, చాలా మంచి వస్తువు. కానీ నీళ్లూ గడియా లేని బడిలో పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో పెట్టి వచ్చేయడం నాకు ఇష్టం లేదు.

ఇక మీ సదస్సు. ఒక గంట ఉపన్యాసం మానేయండి. నేను చివరి ఏళ్లలో ఒక టీ గ్లాసు, ఎర్రరంగు కలిపిన నీళ్లు, సూది లేని సిరంజి తీసుకుని క్లాసుకు పోయేదాన్ని. నెలకు ఎంత రక్తం పోతుందనుకుంటున్నారు అని అడిగితే బిందెడు, లీటరు, రెండు లీటర్లు అనేవాళ్లు. మామూలుగా పోయేది 30, 40 మిల్లీలీటర్లు. సిరంజితో పదేసి మిల్లీలీటర్లు గ్లాసులో పోస్తూ, నాలుగుసార్లకు ఆపేసేదాన్ని. సగం టీ గ్లాసు కూడా నిండదు. క్లాసంతా గ్లాసు చుట్టూ మూగేది. ఇంతేనా మేడం, మరి ఒంట్లో రక్తమంతా పోతోందని మా జేజి అంటుందే అని ఒకరు, చెడురక్తం కదా అని ఇంకొకరు. అప్పుడు మొదలవుతాయి అసలు ప్రశ్నలు. గర్భసంచి లోపలి పొర బిడ్డకోసం సిద్ధమై, బిడ్డ రాకపోతే ఊడి పోతుందని, అందులో చెడు ఏమీ లేదని అప్పుడు చెప్తే ఎక్కుతుంది. పక్కనే కొలత కూడా చెప్పండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, నొప్పికి బడి మానాల్సి వస్తున్నా ఓర్చుకోవద్దు, పీహెచ్‌సీకి వెళ్లాలి. ముందు చెప్పిన 2019-21 సర్వేలోనే 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలంరంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేయకుండా మింగించగలిగితే అదీ మీ పనిలో భాగమే.

ఆచారాల మాట. ఇక్కడే మీలాంటి పిల్లలు తొందరపడతారు. మనది విచిత్రమైన తీరు. పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి దంచి పెడతాం, పీటల మీద కూర్చోబెట్టి హారతులిస్తాం, మైకు పెట్టి, ఫ్లెక్సీ కట్టి ఊరంతా పిలుస్తాం. మొదటి నెల మైకులో చెప్పినదాన్ని రెండో నెల నుంచి చెవిలో చెప్పుకోవాలి. “బయట చేరింది”, “కాకి ముట్టింది”, “దూరంగా ఉంది”. నువ్వులు, బెల్లం పెట్టిన పాత ఆలోచనలో పిల్లకు బలం రావాలన్న ప్రేమ ఉంది. దాన్ని పట్టుకోండి. “మొదటి నెల పెట్టిన చిమ్మిలి ప్రతి నెలా పెట్టండమ్మా” అని తల్లులతో అంటే ఎవరూ కాదనలేదు. ఆ ఫంక్షన్‌కు వెళ్లే మేనత్తలు చీరతో పాటు ఏడాదికి సరిపడా ప్యాడ్లో నూలుగుడ్డలో పెడితే ఎంత బాగుంటుంది! మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెట్టడం మొదలుపెట్టారు. ఫ్లెక్సీల విషయంలో మాత్రం నాకు బెంగ ఉంది. పెళ్లీడు వచ్చిందని ఊరికి చాటినట్టే అది. ఆ సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది.

గుడి గురించి, పూజగది గురించి మొదటి రోజు వాదనకు దిగకండి. అది అవసరం లేదని కాదు. మీరు ఒక పూట వాదించి వెళ్లిపోతారు, ఆ రాత్రి ఇంట్లో తిట్లు తినేది ఆ పిల్ల. ఒంటికి హాని చేసేవాటిని ముందు పట్టుకోండి. మూడు రోజులు స్నానం వద్దనడం, గుడ్డు, పప్పు మానిపించడం, గోనెపట్టా మీద వసారాలో పడుకోబెట్టడం, పరీక్షకు పంపకపోవడం. వీటి దగ్గర ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు. మా మడకశిర, రొళ్ల వైపు కొన్ని గొల్లహట్టుల్లో, అంటే గొల్లలుండే చిన్న ఊళ్లలో, నెలసరి వచ్చినవాళ్లను, బాలింతల్ని ఊరి బయట ఉంచే పద్ధతి చాలాకాలంగా ఉంది. చలికి, వానకు, పురుగుపుట్రకు భయపడుతూ గడిపే రాత్రులు అవి. అక్కడ మార్పు వచ్చిన చోట్ల బయటివాళ్ల ఉపన్యాసాల కంటే, చదువుకుని వచ్చి నేను ఇంట్లోనే పడుకుంటానన్న ఆ హట్టి పిల్లలే ఎక్కువ పనిచేశారు.

ఒక పిల్ల గురించి చెప్పాలి. ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందని వాళ్ల అవ్వ ఎప్పుడూ గద్దించేది. ఎనిమిదో తరగతిలో సైన్స్ ఫెయిర్ వచ్చింది. రెండు గాజుసీసాల్లో నిమ్మకాయ పచ్చడి పెట్టింది. ఒకదాన్ని ఆ ఐదు రోజులూ తన చేత్తో పొడి గరిటె వేసి కలిపింది, రెండోదాన్ని వాళ్ల అవ్వ కలిపింది. చీటీలు అంటించి నలభై రోజులు కిటికీలో ఉంచాం. రెండూ బాగున్నాయి. అవ్వ బడికి వచ్చి రెండు సీసాలూ వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “మీ చీటీలు మారినాయేమో” అంది. పిల్ల ఏడ్చింది. కానీ తర్వాతి ఎండాకాలం ఆవకాయ పెట్టేటప్పుడు జాడీ పట్టుకోమని అవ్వే ఆ పిల్లను పిలిచిందట.

నువ్వడగనిది ఒకటి చెప్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. పిల్లల్ని చూసి వదిలేయకండి, వాళ్ల అమ్మల్ని చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. ముప్పై, ముప్పై ఐదేళ్లకే తీయించుకున్న తల్లులు నా క్లాసు పిల్లల ఇళ్లలో లెక్కలేనంతమంది. ఎందుకమ్మా అంటే, “తెల్లబట్ట అవుతుండె, రక్తం ఎక్కువ పోతుండె, పిల్లలు పుట్టినాక ఆ సంచితో పనేముందన్నారు” అంటారు. ఇరవై ఏళ్లు చెమ్మగుడ్డ, ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేని దురద, కూలి పనికి ఆ మూడు రోజులూ అడ్డం. చివరికి ఎవరో డాక్టరు తీసేద్దామంటే అది విముక్తిలా అనిపించింది వాళ్లకు. తర్వాత నడుంనొప్పి, ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల బలహీనత. నలభై ఏళ్లకే నాగలి వేసిన ఎద్దులా అయిపోయిన మనుషుల్ని చూశాను. అందుకే పదమూడేళ్ల పిల్లకు “దురదుంటే చెప్పొచ్చు, మందుంది” అని చెప్పడం చిన్న మాట కాదు. తల్లుల సమావేశం ఒకటి పెట్టి, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంను పిలిచి, గర్భసంచి తీయాలని ఎవరైనా అంటే రెండో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దని చెప్పించండి.

మీ జట్టులో మగపిల్లల సంగతి. తప్పకుండా తీసుకెళ్లండి, ఆడపిల్లల మొదటి సమావేశంలోకి మాత్రం వద్దు. వాళ్లకు వేరే పనుంది. అదే సమయంలో పక్క గదిలో మగపిల్లలతో కూర్చోవాలి. ఏడో తరగతి మగపిల్లాడికి టీవీ ప్రకటనలో నీలంనీళ్లు తప్ప ఏమీ తెలియదు. తెలియనిదాన్ని వాడు ఎగతాళి చేస్తాడు. మీ కుర్రాళ్లు తమ అక్కచెల్లెళ్ల గురించి మామూలుగా, నవ్వకుండా మాట్లాడితే చాలు. బట్ట మీద మరక కనిపిస్తే నవ్వకుండా చొక్కానో చున్నీనో ఇచ్చి టీచర్‌ను పిలవాలని ఒక్క మాట నేర్పితే ఒక పిల్ల బడి మానదు. మెడికల్ షాపుకు వెళ్లి, నల్లకవరు, పేపరు చుట్టడం వద్దని చెప్పి, ప్యాడ్ ప్యాకెట్‌ను చేత్తో పట్టుకుని బజారు వెంట నడవమని వాళ్లతో చెప్పు. తండ్రులు చూస్తారు.

ఫోటోలు వద్దు. ఇక్కడ నేను బతిమాలుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక జట్టు వచ్చి మా పిల్లల్ని వరుసలో నిలబెట్టి, ప్యాకెట్లు పైకెత్తించి ఫోటోలు తీసింది. అది ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. బస్టాండు దగ్గర కుర్రాళ్లు ఆ ప్యాకెట్ పేరుతో ఇద్దరు పిల్లల్ని పిలవడం మొదలుపెట్టారు. వాళ్లు తొమ్మిది రోజులు బడికి రాలేదు. ఒకర్ని మళ్లీ తీసుకురావడానికి నేను మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మీకు డబ్బిచ్చినవాళ్లు లెక్క అడిగితే గడియ ఫోటో పంపండి, రసీదులు పంపండి.

చెత్త గురించి కొంచెం. చిన్న కరెంటు దహనయంత్రం ఎవరైనా విరాళం ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. మాకు వచ్చినదానికి కరెంటు చాలేది కాదు, సగం కాలి నల్లపొగ క్లాసులోకి వచ్చేది, ఏడాది తిరక్కుండా మూలపడింది. ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, చాలినంత వేడి లేకుండా కాలిస్తే ఆ పొగ మంచిది కాదు. మూతడబ్బా, కాగితం, రోజూ తీసే మనిషి, ఆ మనిషికి గ్లౌజులు, పంచాయతీ బండితో ఒప్పందం, ఇవి ఉంటే చాలు. వాడిన ప్యాడ్‌ను విడిగా చుట్టి ఇవ్వాలని, చుట్టడానికి కవరు తయారీదారే ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. మీ బడి ఆయమ్మతో ముందే మాట్లాడండి. ఆమె చేతుల మీదుగానే ఇదంతా నడవాలి, ఆమెను ఎవరూ అడగరు.

చివరిగా, మీరు చిన్నవాళ్లమని తక్కువ చేసుకోకండి. లండన్‌లో అమీకా జార్జ్ అనే కేరళ మూలాలున్న అమ్మాయి 2017లో, 17 ఏళ్ల వయసులో, ప్యాడ్లు కొనలేక బడి మానే పిల్లల గురించి వార్త చదివింది. ఆమె చందాలు పోగు చేసి పంచలేదు. ప్రభుత్వాన్ని అడిగింది. ఆ డిసెంబరులో ఎర్రబట్టలు వేసుకున్న పిల్లలతో ప్రధాని నివాసవీధి ముందు నిలబడింది. 2020 జనవరిలో ఇంగ్లండ్ ప్రభుత్వ బళ్లలో ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. స్కాట్లండ్‌లో 2022 ఆగస్టు నుంచి ఎవరికి కావాలన్నా ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. మన దగ్గర 2017లో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ వేస్తే, ఢిల్లీ జేఎన్‌యూలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒకరు హైకోర్టుకు వెళ్లారు, దేశమంతా అమ్మాయిలు అడిగారు. 2018 జూలైలో ఎత్తేశారు. అంతదూరం ఎందుకు, యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలు చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క, మెంతులు, పసుపు, వేప, సబ్జా గింజలతో ‘స్త్రీ రక్ష’ ప్యాడ్లు చేసి చూపించారు. మీకంటే ఆరేడేళ్లు చిన్నవాళ్లు, అదీ సర్కారు బడి పిల్లలు. వాళ్ల గురించి మీరు వెళ్లే బడిలో చెప్పండి. నా మాటకంటే ఆ పిల్లల పని ఎక్కువ పనిచేస్తుంది.

మీరూ అడగండి. ఆ బడికి గత ఏడాది ఎన్ని నెలలు ప్యాడ్లు వచ్చాయో మండల విద్యాధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రాలేదని తేలితే తల్లిదండ్రుల కమిటీతో ఒక తీర్మానం రాయించి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున ఇవ్వండి. పన్నెండు మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కాగితం పట్టుకుని వస్తే అధికారులు చదువుతారు. మీ డబ్బు ఒక ఏడాదికే, ప్రభుత్వ సరుకు సరిగ్గా నడిస్తే మీరు లేకపోయినా వస్తుంది.

జూన్ 12 తర్వాత రెండు వారాలు ఆగు, అడ్మిషన్ల హడావిడి తగ్గుతుంది. అప్పుడు వెళ్లి మూడు లెక్కలు తీసుకో. ఆడపిల్లల బాత్రూంలు ఎన్ని, అందులో లోపలి నుంచి గడియ పడేవి ఎన్ని, కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవి ఎన్ని. ప్యాడ్లు ఎక్కడున్నాయి, తాళంచెవి ఎవరి దగ్గరుంది కూడా అడుగు. అవి ఇక్కడ రాయి, ఆ 24 వేలు ఎలా పంచుకోవాలో కలిసి లెక్కేద్దాం. వెళ్లేటప్పుడు ఒక స్క్రూడ్రైవర్, రెండు గడియలు సంచిలో వేసుకుని వెళ్లు.